ముందు బిగువు, ఆ తర్వాతే మెరుపు



ఇవాళ మన ఇళ్లలోని చెక్క మెట్ల గురించి మాట్లాడుకుందాం. వసారా మూల నుంచి అటక మీదికో, మిద్దె మీదికో ఎక్కే కొయ్య మెట్లు, వాటి పక్కన చేత్తో పట్టుకునే కమ్మీల వరస. యర్రగొండపాలెం పాత వీధుల్లో, దోర్నాల, త్రిపురాంతకం, పుల్లలచెరువు పక్క పల్లెల్లో, మార్కాపురం, కంభం, గిద్దలూరు పాత ఇళ్లలో ఇలాంటివి ఇంకా కనిపిస్తాయి. రాతిగోడలు, గోడల మీద కొయ్య దూలాలు, దూలాల మీద దంతెలు, ఆ పైన చౌడుమట్టి తొక్కించిన మిద్దె. ఆ మిద్దె మీదికి మిరపకాయల గోతాలూ కందుల మూటలూ ఎక్కింది ఈ మెట్ల మీద నుంచే. వేసవి రాత్రుళ్లు చాపా దుప్పటీ చంకన పెట్టుకుని పిల్లలు పరుగెత్తిందీ వీటి మీదే. అంత బరువు మోసిన మెట్లు ఇప్పుడు కాస్త కిర్రుమన్నాయని, కమ్మీ కాస్త ఊగిందని, చాలామంది రెండే పనులు చేస్తున్నారు. ఉన్నదాని మీద ఇంకో పూత ఎనామిల్ పెయింట్ పట్టించడం ఒకటి. పాత కలప కొనేవాళ్లకు ఎంతకో ఒకంతకు తూకానికి ఇచ్చెయ్యడం రెండోది. ఈ రెండూ వద్దని చెప్పడానికే నేను వచ్చాను. ఆ మెట్లు బాగవుతాయి. అందులో సగం పని ఇంట్లోవాళ్లే చేసుకోవచ్చు.

ముందు మన మెట్లు ఏ చెక్కవో తెలుసుకోవాలి. మనకు నల్లమల పక్కనే ఉంది. టేకు, వేగిస, నల్లమద్ది, జిట్రేగి, నారేప, ఇవన్నీ ఆ అడవి చెట్లే. పాత ఇళ్ల దూలాలకు, ద్వారబంధాలకు, మెట్లకు ఎక్కువగా ఇవే వాడేవాళ్లు. మామూలు చేవ కాదు ఇది. నెమ్మదిగా పెరిగిన పెద్ద మానుల లోపలి చేవ. ఇవాళ టింబరు డిపోలో దొరికే తోట టేకులో పక్కచెక్క, అంటే తెల్లగా ఉండే పైపొర, ఎక్కువ. చెద ముందు పట్టేది దానికే. అడవి నుంచి దుంగ తెచ్చుకునే కాలమూ పోయింది. అటవీ చట్టం ఉంది. పైగా 1983 నుంచి ఈ అడవి నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంగా ప్రాజెక్ట్ టైగర్ కింద ఉంది. అక్కడి కలప అక్కడ ఉండటమే న్యాయం కూడా. కాబట్టి మీ ఇంట్లో ఉన్న ఆ మెట్టు పలక లాంటిది మళ్లీ కొందామన్నా దొరకదు. దాన్ని పెయింటు కింద కప్పి కుళ్లబెట్టడం, తూకానికి అమ్మడం, రెండూ నాకు బాధ కలిగించేవే.

ఏ చెక్కో పోల్చుకోవడానికి మెట్టు అడుగు భాగం చూడండి. పెయింటు సాధారణంగా అక్కడికి చేరదు. టేకైతే బంగారు గోధుమ రంగు, చిత్రిక పట్టినప్పుడు నూనె వాసన, చేతికి కాస్త జిడ్డు. నల్లమద్ది ముదురు గోధుమ రంగులో నల్లటి చారలతో ఉంటుంది, ఎండకు పగుళ్లిస్తుంది. వేగిస తడిస్తే పసుపు మరక వదులుతుంది. సున్నం కొట్టిన గోడకు ఆనుకున్న చోట ఆ మరక చూసే గుర్తుపట్టవచ్చు. నారేప అయితే మేకు దిగదు, వంగుతుంది. అది మన దేశపు బరువైన కలపల్లో ఒకటి.

ఇక పరీక్ష. మెట్లు బాగుచెయ్యడమంటే అందరికీ పైనుంచి కనిపించేదే గుర్తొస్తుంది. అసలు జబ్బు కింద ఉంటుంది. మా ఇంటి మెట్లు చూడటానికి వచ్చిన ఆచారి గారు పెద్దాయన. వచ్చీ రాగానే రంపం తియ్యలేదు, ఉలి తియ్యలేదు. టార్చి లైటు, సుద్దముక్క పట్టుకుని మెట్ల కిందికి దూరి కూర్చున్నారు. “ఎక్కండమ్మా, ఒక్కో మెట్టు మీద నిలబడి బరువు ఎడమకాలి మీదికీ కుడికాలి మీదికీ మార్చండి. తొందరపడకండి” అన్నారు. నేను ఎక్కుతుంటే కింద ఆయన చెవితో వింటూ, వేలితో తడుముతూ సుద్దగీతలు పెట్టుకుంటూ పోయారు. “ఆ కిర్రు చెక్కది కాదమ్మా, మేకుది” అన్నారు ఒకచోట. మెట్టు పలక ఎండాకాలంలో ఎండి సన్నబడుతుంది, వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది. ఏటా ఇలా జరిగీ జరిగీ మేకు చుట్టూ బెజ్జం వదులవుతుంది. కాలు పడ్డప్పుడల్లా మేకు ఆ బెజ్జంలో పైకీ కిందికీ జారి అరుస్తుంది. దాన్ని సుత్తితో మళ్లీ దిగగొడితే వారం రోజులు ఊరుకుంటుంది, ఆ తర్వాత మళ్లీ మొదలు. ఇంకో మేకు కొడితే చెక్క చీలుతుంది.

ఆచారి గారు రెండో పరీక్ష దబ్బనంతో చేశారు. మెట్టు పలకలను రెండు పక్కలా మోసే వాలు దూలాలు ఉంటాయి కదా, వాటిని గోడకు ఆనుకున్న చోట, నేలకు తగిలే చోట, మిద్దె కారే చోట దబ్బనంతో గుచ్చి చూశారు. గట్టి చెక్కలో మొన దిగి ఆగిపోతుంది. పావు అంగుళం మెత్తగా లోపలికి పోతే అక్కడ కుళ్లో, చెదో ఉన్నట్టు. చెద అయితే మట్టి గూళ్లు ఉంటాయి, తడితే బోలు శబ్దం వస్తుంది. సన్న సన్న గుండ్రటి రంధ్రాలు, కింద పిండిలాంటి పొట్టు కనిపిస్తే అది పుచ్చు. రెండూ వేరు, మందులూ వేరు. వాలు దూలం సగానికి పైగా మెత్తబడితే ఇంట్లో చేసుకునే పని కాదు. ఆ రోజు నుంచే ఎక్కడం మానేసి వడ్రంగిని పిలిపించండి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. పలక ఒకటి విరిగితే కాలు దిగబడుతుంది. వాలు దూలం విరిగితే మనిషే పడిపోతాడు.

కిర్రుమనే మెట్టు సంగతికి వద్దాం. మందు కింద నుంచే వెయ్యాలి. పలకకూ వాలు దూలానికీ మధ్య సందు ఎక్కడుందో చూసి, టేకుతోనో గట్టి తుమ్మతోనో సన్నగా చెక్కిన చీలికకు జిగురు రాసి, ఆ సందులోకి మెల్లగా కొట్టాలి. మెల్లగా అన్నాను, గుర్తుంచుకోండి. బలంగా కొడితే పలకే పైకి లేచి సందు పెద్దదవుతుంది. ఆ తర్వాత పాత మేకు లాగేసి, దాని స్థానంలో స్క్రూ. స్క్రూకు ముందు సన్న బెజ్జం వేసుకోవాలి, లేకపోతే పాత ఎండు చెక్క అంచున పగులుతుంది. ఇనప మేకుల చుట్టూ చెక్క నల్లగా మారి ఉండటం మీరు చూసే ఉంటారు. చెక్కలోని వగరుకీ ఇనుముకీ తేమలో పుట్టే మరక అది. అందుకే ఇత్తడి స్క్రూలో, తుప్పు పట్టని పూత ఉన్నవో వాడండి. ఆ నల్ల మరక పోవాలంటే హార్డ్‌వేర్ షాపులో దొరికే ఆక్సాలిక్ ఆమ్లం నీళ్లలో కలిపి, చేతికి తొడుగులు వేసుకుని రుద్ది, తర్వాత మంచినీళ్లతో బాగా కడిగి ఆరబెట్టాలి. అది విషం. పిల్లలకు అందనివ్వకండి.

జిగురు గురించి ఒక ముఖ్యమైన సంగతి. మన పాత మెట్ల అతుకుల్లో ఉన్నది వజ్రం. తోలు, ఎముకలు ఉడికించి చేసే వడ్రంగి జిగురు. ఫెవికాల్ 1959లో వచ్చింది. అంతకు ముందు కట్టిన ఇళ్లలో ఎండి గోధుమ రంగు బిళ్లల్లా కనిపించేది వజ్రమే. దాని మీద తెల్ల జిగురు రాస్తే అతకదు. వేడినీళ్లలో ముంచిన గుడ్డతో పాత వజ్రాన్ని మెత్తబరిచి, ఉలి అంచుతో గీకి, చెక్క పూర్తిగా ఆరిన తర్వాతే కొత్త జిగురు రాయాలి. టేకుకు ఇంకో పని ఉంది. దానిలో సహజంగా నూనె ఉంటుంది. అతికే ముందు థిన్నరు తడిపిన గుడ్డతో తుడిస్తే జిగురు పడుతుంది. ఈ చిన్న పని చెయ్యకే చాలా అతుకులు ఏడాదికే విడిపోతున్నాయి.

అరిగిపోయిన మెట్టు పలక మధ్యలో పల్లం పడుతుంది. తరాల కాళ్లు పడ్డ గుర్తు. అంత ముచ్చటైన గుర్తును చూస్తే చెరిపెయ్యబుద్ధి కాదు, కానీ అది మరీ లోతైతే మడమ జారుతుంది. చాలా ఇళ్లలో దీనికి కొత్త చెక్క కొనక్కర్లేదు. పలకను ఊడదీసి తిరగెయ్యండి. అడుగు వైపు ఎవరూ తొక్కలేదు, కొత్తదానిలా ఉంటుంది. చిత్రిక పట్టి, అంచు కాస్త గుండ్రం చేసి బిగిస్తే ఇంకో తరం నడుస్తుంది. తిరగేసే వీలు లేకపోతే, అంటే కింద గాళ్లు తీసి ఉంటే, అరిగిన ముందు అంచు మాత్రం కోసి, అదే జాతి చెక్క పట్టీని అదే ఈనె, అంటే చెక్క పీచు, వరసలో అతకాలి. ఈనె అడ్డంగా పెడితే ఒక వానాకాలంలోనే అతుకు విడిపోతుంది. చెక్క పొడవునా దాదాపు కదలదు, అడ్డంగానే పెరిగి తరుగుతుంది. మెట్ల రిపేరు అంతా ఈ ఒక్క నిజాన్ని పట్టుకుని చెయ్యాల్సిన పని.

ఇక్కడే చాలామంది పట్టించుకోని ప్రమాదం ఒకటి ఉంది. ఒక మెట్టు పలక విరిగిందని దాని స్థానంలో మందపాటి పలక బిగిస్తారు. లేదా ఉన్న పలక మీదే ప్లైవుడ్ ముక్క కొడతారు. అప్పుడు ఆ ఒక్క మెట్టు ఎత్తు మారిపోతుంది. మన కాలు మొదటి రెండు మెట్లలోనే ఎత్తును లెక్కగట్టుకుని, మిగతావన్నీ చూడకుండా ఎక్కుతుంది. మధ్యలో ఒక మెట్టు తేడాగా ఉంటే అక్కడే తట్టుకుంటుంది. అమెరికా భవన నియమాల్లో ఒకే మెట్ల వరసలో ఎత్తుల తేడా అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు, అంటే మన మేస్త్రీల లెక్కలో మూడు నూళ్లు, దాటకూడదని రాసుకున్నారు. అంత చిన్న తేడాకే మనుషులు పడతారు కాబట్టే ఆ నియమం. మీ మెట్లు అన్నీ నిటారుగా ఉన్నా ఫరవాలేదు, అన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. టేపు పెట్టి ప్రతి మెట్టూ కొలవండి. కింద గచ్చు కొత్తగా పోయించినప్పుడు మొదటి మెట్టు, పైన టైల్స్ వేయించినప్పుడు చివరి మెట్టు ఎత్తు మారుతుంటాయి. ముందుగా ఆ రెండిటినే కొలవండి.

ఎంత ఎత్తు సుఖం అన్న లెక్క పాతదే. ఫ్రాన్సులో పదిహేడో శతాబ్దంలో బ్లాందెల్ అనే వాస్తుశిల్పి మనిషి అడుగును ఆధారం చేసుకుని ఒక సూత్రం చెప్పాడు. రెండు మెట్ల ఎత్తు, ఒక మెట్టు వెడల్పు కలిపితే సుమారు రెండడుగులు రావాలి. మన దేశపు జాతీయ భవన నిర్మాణ నియమావళి, 2016 ప్రకారం, నివాస గృహంలో మెట్టు వెడల్పు 25 సెంటీమీటర్లకు తగ్గకూడదు, ఎత్తు 19 సెంటీమీటర్లకు మించకూడదు. మన అటక మెట్లలో ఈ కొలతకు సరిపోయేవి తక్కువ. చోటు లేక నిటారుగా, నిచ్చెనకు దగ్గరగా కట్టినవి. వాటిని పడగొట్టమని నేను అనను. నిటారుగా ఉన్నాయి కాబట్టే పక్కన పట్టుకునే కమ్మీ ఇంకా గట్టిగా ఉండాలంటాను.

కమ్మీలకు రాకముందు చెద మాట పూర్తి చేస్తాను. మన ఎండనేలలో చెదకు కొదవలేదు. మెట్ల కాళ్లు మట్టినేలలోకి దిగి ఉంటే ఎన్ని మందులు కొట్టినా మళ్లీ వస్తుంది. పలకల ఊరు మార్కాపురం మనకు దగ్గరే, బండకు కరువా? మెట్ల కాళ్ల కింది మెత్తబడ్డ భాగాన్ని కోసేసి, ఆ మేరకు రాతిదిమ్మ పెట్టి దాని మీద నిలబెట్టండి. మట్టికీ చెక్కకూ పొత్తు తెంపడమే మొదటి మందు. చెద నేలలో నుంచి వస్తుంటే చెదమందు కొట్టేవాళ్లతోనే నేలకు మందు పట్టించండి, డబ్బా మీద రాసిన పాళ్లు దాటనివ్వకండి. పుచ్చుకు, ముందుజాగ్రత్తకు బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లు పూయవచ్చు. అది పెయింటు లేని పచ్చి చెక్కలోనే ఇంకుతుంది. వాన తగిలే చోట కడుక్కుపోతుంది. కాబట్టి పాత పూత తీసిన తర్వాత, కొత్త పూతకు ముందు ఈ పని.

ఇప్పుడు కమ్మీలు. ఊగే కమ్మీల వరసలో తప్పు ప్రతి కమ్మీదీ కాదు, తొంభై పాళ్లు కింది మొదటి గుంజది. ఆ గుంజ మొదలు వదులైతే పై నుంచి చేతిపట్టు ఎంత బిగించినా ఊగుతూనే ఉంటుంది. చేతిపట్టు చివర కుసి, అంటే సన్నటి నాలుక, చెక్కి గుంజ బెజ్జంలో దూర్చి ఉంటుంది. ఆ అతుకు వదులైతే చాలామంది పక్క నుంచి పెద్ద మేకు కొడతారు. ఆచారి గారు దాన్ని బిగించిన తీరు నేను దగ్గరుండి చూశాను. గుంజకు అడ్డంగా ఒక సన్న బెజ్జం వేశారు. కుసిని లోపల పెట్టి ఆ బెజ్జంలో నుంచి దబ్బనంతో కుసి మీద గుర్తు పెట్టుకున్నారు. కుసిని బయటికి తీసి, ఆ గుర్తు మీద కాకుండా అర నూలు భుజం వైపుకు జరిపి కుసికి బెజ్జం వేశారు. మళ్లీ కూర్చి, ముదురు వెదురు చెక్కిన మేకును మొన సన్నం చేసి కొట్టారు. కొట్టిన కొద్దీ చేతిపట్టు గుంజలోకి లాక్కుపోయింది. సందు కళ్ల ముందే మూసుకుపోయింది. “రెండు బెజ్జాలూ ఎదురెదురుగా ఉంటే మేకు ఊరికే కూర్చుంటుందమ్మా. కాస్త తప్పితేనే లాగి పట్టుకుంటుంది” అన్నారు. చుక్క జిగురు లేదు. అతుకును ఎప్పుడైనా విప్పాలంటే మేకును అవతలికి కొడితే చాలు. ఈ పని చెయ్యగలవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు, చాలామంది పెద్దవయసువాళ్లు. అల్యూమినియం కిటికీలు, రెడీమేడ్ తలుపులు వచ్చాక వాళ్ల చేతికి ఇలాంటి పని తగలడం తగ్గింది. పని ఇచ్చేవాళ్లుంటేనే కదా పక్కన నిలబడి నేర్చుకునే కుర్రాళ్లుంటారు.

విరిగిన కమ్మీలకు మాదిరి ఒకటి ఊడదీసి తరిమెన (లేత్) పట్టేవాళ్ల దగ్గరకు తీసుకెళ్తే అచ్చం అలాంటిదే చేసిస్తారు. మాదిరికి విరిగినది కాదు, బాగున్నది ఇవ్వండి. ఇంట్లో పసిపిల్లలుంటే కమ్మీల మధ్య దూరం చూసుకోండి. నాలుగంగుళాల బంతి దూరకూడదన్నది చాలా దేశాల్లో పాటించే కొలత. పిల్లల ఒళ్లు దూరి తల ఇరుక్కునే ప్రమాదం తప్పించడానికి అది. పాత కమ్మీలు దూరదూరంగా ఉంటే వాటి మధ్య ఒక్కో కొత్త కమ్మీ చేర్చవచ్చు, పాతవి తీసెయ్యనక్కర్లేదు. చేతిపట్టు ఎత్తు మెట్టు అంచు నుంచి మూడడుగులకు కాస్త అటూఇటూగా ఉండాలి. ఇంట్లో అవ్వాతాతలుంటే గోడ వైపు కూడా ఒక చేతిపట్టు బిగించండి. దిగేటప్పుడు వాళ్లకు రెండు చేతులకూ ఆసరా కావాలి. మెట్ల మొదట ఒకటి, చివర ఒకటి బల్బు, స్విచ్చి రెండు చోట్లా. దీనికయ్యే ఖర్చు కాలు విరిగితే అయ్యే ఖర్చులో ఎన్నో వంతు కూడా కాదు.

బిగువు పని అయ్యింది. ఇప్పుడు పాత పూత తియ్యడం. ఇక్కడ ఒక హెచ్చరిక. పాత ఎనామిల్ పెయింట్లలో సీసం ఉండేది. మన దేశంలో ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించకూడదన్న నిబంధనలు 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకు ముందు వేసిన పసుపు, ఎరుపు, ఆకుపచ్చ పూతల్ని పొడిగా రుద్దితే లేచే దుమ్ము పిల్లల మెదడుకు చేటు. కడుపుతో ఉన్నవాళ్లకూ చేటే. కాబట్టి పొడిగా రుద్దకండి, మంటతో కాల్చకండి. పెయింటు రిమూవర్ రాసి, మెత్తబడ్డాక గీకండి. లేదా నీళ్లు చల్లుతూ తడి ఉప్పుకాగితంతో రుద్దండి. రాలిన పెచ్చుల్ని కాగితంలో పోగుచేసి సంచిలో కట్టి పారెయ్యండి, దొడ్లో కోళ్లు తిరిగే చోట కాదు. మంచి మాస్కు పెట్టుకోండి, మూతికి కట్టిన తువ్వాలు చాలదు. పని అయ్యేదాకా పిల్లల్ని అమ్మమ్మగారింటికి పంపితే మరీ మంచిది.

పూత పోయాక ఉప్పుకాగితం 80 నంబరుతో మొదలెట్టి, 120, 180 వరకు రండి. ఎప్పుడూ ఈనె వెంబడే. ఈనెకు అడ్డంగా రుద్దిన గీతలు అప్పటికి కనిపించవు, పాలిష్ పడ్డాక ఒక్కొక్కటీ పైకి తేలతాయి. సన్న పగుళ్లకు అదే చెక్క పొట్టు, జిగురు కలిపి మెత్తాలి. వెడల్పు పగుళ్లలోకి చెక్క చీలికే దిగాలి. మే నెలలో మాత్రం పగుళ్లు పూడ్చకండి. అప్పుడు చెక్క బాగా ఎండి పగులు అత్యంత వెడల్పుగా ఉంటుంది. దాన్ని గట్టిగా నింపితే శ్రావణంలో చెక్క ఉబ్బి ఆ నింపినదాన్ని బయటికి తోసేస్తుంది. మన వాతావరణానికి ఈ పనికి మంచి కాలం సంక్రాంతి నుంచి ఉగాది దాకా. తుపాను వానలు తగ్గి ఉంటాయి, ఎండ ఇంకా ముదరదు. వాన తేమలో లక్క పాలిష్ వేస్తే తెల్లగా మసకబారుతుంది. నడి ఎండల్లో వేస్తే కుంచె గీతలు సర్దుకునేలోపే ఆరిపోతుంది.

ఏ పాలిష్ వెయ్యాలి అని అందరూ అడుగుతారు. నా మాట, చేతిపట్టుకూ కమ్మీలకూ లక్క, అడుగుపెట్టే పలకలకు వేరేది. లక్క అంటే మోదుగ, రేగు చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు పెట్టే గుగ్గిలం. దాన్ని శుద్ధిచేసిన రేకులు స్పిరిట్లో నానబెడితే పాలిష్. మన తెలుగువాళ్లకు లక్క కొత్త కాదు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన మీద తిప్పుతూ లక్క కడ్డీ అదిమిపెడితే, ఆ రాపిడి వేడికే కరిగి రంగు పట్టుకుంటుంది. మొగలి ఆకుతో మెరుపు తెస్తారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చేత్తో రోజూ తాకే కమ్మీకి లక్క ఇచ్చే నునుపు మరే పూతా ఇవ్వదు. గీత పడితే అక్కడికక్కడే మళ్లీ అద్దుకోవచ్చు, పాతదీ కొత్తదీ కలిసిపోతాయి. దూదిని పాత నూలుగుడ్డలో ఉండ చుట్టి, పలచగా, చాలాసార్లు వెయ్యాలి. ఒక్కసారే దట్టంగా వేస్తే జిగటగా మిగిలిపోతుంది. కానీ నీళ్లకూ వేడికీ లక్క ఆగదు, తెల్లమచ్చ పడుతుంది. మెట్టు పలక మీద తడికాళ్లు పడతాయి, నీళ్ల బిందె దించుతారు. అందుకే పలకలకు అవిసె నూనె కానీ, పీయూ (పాలీయురేథేన్) పాలిష్ కానీ వెయ్యండి.

పీయూ గట్టిది, తొందరగా అరగదు. మెరిసే రకం కాకుండా మెరుపు తక్కువ ఉన్న రకమే అడిగి తీసుకోండి. అద్దంలా మెరిసే మెట్టు అందంగా ఉంటుంది, తడిసిన రోజు జారుతుంది. రెండు డబ్బాలు కలిపి వేసే రకానికి ఘాటు ఎక్కువ, కిటికీలన్నీ తెరిచి వెయ్యాలి. అరిగినప్పుడు మాత్రం మొత్తం రుద్ది మళ్లీ వెయ్యాల్సిందే. అవిసె నూనె దీనికి పూర్తిగా వేరు. లోపలికి ఇంకుతుంది, చెక్క చెక్కలాగే కనిపిస్తుంది, జారదు, అరిగిన చోట మాత్రమే మళ్లీ రాసుకోవచ్చు. ఆరడానికి రోజులు పడుతుంది, ఏడాదికోసారి మళ్లీ అద్దాలి. ఓపిక ఉన్న ఇంటికి నేను నూనే చెబుతాను. దట్టంగా పోసి వదిలెయ్యకండి. రాసిన పావుగంట తర్వాత మిగిలినదంతా పొడిగుడ్డతో తుడిచెయ్యాలి, లేకపోతే జిడ్డు కట్టి దుమ్ము పట్టుకుంటుంది.

ఆ తుడిచిన గుడ్డలతో చాలా జాగ్రత్త. అవిసె నూనె గాలి తగిలి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేస్తే ఆ వేడి బయటికి పోలేక కొన్ని గంటల్లో వాటంతట అవే అంటుకుంటాయి. అగ్గిపుల్ల అక్కర్లేదు. పక్కన చిత్రిక పొట్టు, స్పిరిట్ సీసా, పైన కొయ్య దూలాలు. పని అయిన వెంటనే గుడ్డల్ని నీళ్ల బకెట్లో ముంచండి, లేదా దొడ్లో దండెం మీద విడివిడిగా పరిచి ఆరెయ్యండి. మే నెల ఎండల్లో మన ఊళ్లలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

పాలిష్ వేసేటప్పుడు పైకెక్కడం ఎలా అంటారు. ఇంట్లో అందరూ గట్టికాళ్లవాళ్లే అయితే ఒకటి విడిచి ఒకటి మెట్టు వెయ్యండి, అవి ఆరాక మిగతావి. పెద్దవాళ్లుంటే ఇది వద్దు, రెండేసి మెట్లు దాటబోయి పడతారు. అలాంటి ఇంట్లో పైన కావలసినవన్నీ ముందే కిందికి తెచ్చుకుని, పై మెట్టుకు అడ్డంగా తాడు కట్టి, మొత్తం ఒకేసారి వెయ్యండి. పీయూ మీద మర్నాడు ఒట్టికాళ్లతో నడవవచ్చు, వారం దాకా గోతాలూ బీరువాలూ ఎక్కించకండి. నూనె వేస్తే వేలితో రాసి చూడండి. జిడ్డు అంటకుండా పోయేదాకా ఆగాల్సిందే.

పని పూర్తయ్యాక మిగిలిన పాత చెక్క ముక్కల్ని పొయ్యిలో పెట్టకండి. చేతెడు టేకు ముక్క, రెండు వేగిస చీలికలు, ఊడదీసిన ఒక పాత కమ్మీ, వీటిని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టి, ఏ సంవత్సరం ఏ మెట్టు తిరగేశారో, ఏ పాలిష్ వేశారో చీటీ మీద రాసి వాటితో పాటే కట్టి ఉంచండి. రేపు ఆ మెట్లు మళ్లీ బాగుచేసే వడ్రంగికి మొదట కావలసింది ఆ ముక్కలూ ఆ చీటీనే.